‘ప్రతులకు’ పేజీ లేని పీడీఎఫ్

రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. “ఫలానా కథల పుస్తకం పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే పెట్టండి ప్లీజ్.” పది నిమిషాలు తిరక్కుండా ఎవరో ఒకరు పెడతారు. దాని కింద వరసగా దండాలు, పూలగుత్తులు, “థ్యాంక్యూ సార్”లు. తిరుపతిలో, చిత్తూరులో పుస్తకాలు చదివేవాళ్ల గ్రూపుల్లో ఇది కొత్త కాదు. అడిగినవాళ్లలో గానీ పెట్టినవాళ్లలో గానీ రచయితకు అన్యాయం చేయాలని అనుకున్నవాళ్లు ఉండరు. పుస్తకం మీద ఇష్టంతోనే అడుగుతారు, ఇష్టంతోనే పెడతారు.

ఆ ఫైలు తెరిస్తే అది ఫోనుతో తీసిన ఫొటోల కట్ట అని తెలిసిపోతుంది. ఏదో ఒక పేజీ మూలన బొటనవేలు పడి ఉంటుంది. బైండింగు వైపు అక్షరాలు మడతలోకి పోయి సగమే కనిపిస్తాయి. ముఖచిత్రం ఉంటుంది. ఒక్కోసారి ముందుమాట కూడా ఉంటుంది. కానీ ఆ రెంటి మధ్యలో ఉండాల్సిన పేజీ చాలాసార్లు కనపడదు. ‘ప్రథమ ముద్రణ, ప్రతులు 500, వెల, ముఖచిత్రం, డీటీపీ, ముద్రణ’ అని చిన్న అక్షరాలతో ఉండి, అడుగున ‘ప్రతులకు’ అంటూ రచయిత ఇంటి అడ్రసూ సెల్ నంబరూ ఉండే పేజీ. స్కాన్ చేసేవాళ్లకు అది కథలో భాగం కాదు కాబట్టి తిప్పేసి ముందుకు పోతారు.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న రచయితకు ఆ పేజీయే దుకాణం. ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు ప్రతి పుస్తకం మీదా ఉండాలని 1867లోనే చట్టం వచ్చింది. ఆనాటి ప్రభుత్వం ఎవరు ఏం అచ్చేస్తున్నారో కనిపెట్టడానికి పెట్టిన ఆ నియమం, తెలుగులో ‘ప్రతులకు’ అన్న చిన్న మాట తోడై, పాఠకుడు రచయిత తలుపు తట్టే దారిగా మారింది. పీడీఎఫ్‌ల వల్ల స్వతంత్ర రచయితల అమ్మకాలు పెరుగుతాయా, పడిపోతాయా అన్న వాదన ఎప్పుడు మొదలైనా నీతి గురించో, చట్టం గురించో మాట్లాడి ముగిస్తారు. అసలు తేడా అంతా, ఉచితంగా తిరిగే ప్రతిలో కొనుక్కునే దారి మిగిలి ఉందా, తెగిపోయిందా అన్నదాని దగ్గరే ఉంది.

ఐదు వందల ప్రతుల లెక్క

ముందు డబ్బు లెక్క చూడాలి. అది చూడకుండా పైరసీ నష్టం గురించి ఏం మాట్లాడినా గాలిలో మాటే.

తిరుపతిలో ఒక టీచరు పదిహేను కథలు పోగేసి పుస్తకం వేశారనుకుందాం. డెమ్మీ సైజు, 160 పేజీలు, 500 ప్రతులు. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం, కాగితం, ముద్రణ, పార్సిల్ ఖర్చు అన్నీ కలిపి 45,000 రూపాయలు అయ్యాయని లెక్క కోసం అనుకుందాం. ప్రతికి 90 రూపాయలు పడింది. వెల 150 పెట్టారు. పంపిణీదారు 40 శాతం కమిషన్ పట్టుకుంటే రచయిత చేతికి 90 వస్తుంది. అంటే పంపిణీదారు ద్వారా మొత్తం 500 అమ్ముడుపోయినా పెట్టింది తిరిగి రావడమే. కమిషన్ 50 శాతమైతే ప్రతికి 15 రూపాయలు ఎదురు పెట్టుకున్నట్టు.

500 ఎప్పుడూ 500గా అమ్మకానికి పోవు. ముందుమాట రాసినవాళ్లకు, సమీక్షల కోసం పత్రికలకు, అవార్డు కమిటీలకు (ఒక్కొక్కరు మూడు నాలుగు ప్రతులు అడుగుతారు), ఆవిష్కరణ సభకు వచ్చిన బంధుమిత్రులకు కలిపి వంద దాకా ఊరికే పోతాయి. షాపులకు వెళ్లిన ప్రతుల డబ్బు ఎప్పుడొస్తుందో రచయితకు తెలియదు. మిగిలినవి ఇంట్లో అటక మీదో, మంచం కిందో అట్టపెట్టెల్లో ఉంటాయి. కొత్త ఇంటికి మారినప్పుడల్లా ఆ పెట్టెలు కూడా మారుతుంటాయి.

ఇందులో రచయితకు నిజంగా మిగిలే డబ్బు ఒక్కచోటే ఉంది. పాఠకుడు ఫోన్ చేసి, ఫోన్‌పేలో 150 పంపి, అడ్రసు మెసేజ్ పెడితే రచయితే కవరులో పెట్టి పోస్టు చేసే ప్రతి. అక్కడ 60 రూపాయలు మిగులుతాయి. పోస్టు ఖర్చు తానే పెట్టుకుంటే 35, 40. ఆ ఫోన్ కాల్ వచ్చేది ‘ప్రతులకు’ పేజీ చూసే.

ఇప్పుడు గ్రూపులో పీడీఎఫ్ 300 మంది దించుకున్నారనుకుందాం. 300ని 150తో గుణించి 45,000 నష్టం అని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ లెక్క తప్పు. ఆ 300 మందిలో ఎక్కువమంది ఆ పుస్తకం పేరు వినడమే మొదటిసారి. దించుకున్నవాళ్లలో సగం మంది తెరవనైనా తెరవరు. ఫోను మెమరీ నిండినప్పుడు చెరిపేస్తారు. నష్టమేమీ లేదు, అంతా ప్రచారమే అనడమూ అంతే తప్పు. ఆ 300లో ఒక ఇరవై మంది, పీడీఎఫ్ దొరక్కపోతే ఫోన్ చేసి కొని ఉండేవాళ్లు కావచ్చు. ఇంకో ఇరవై మంది పీడీఎఫ్‌లో రెండు కథలు చదివి, పుస్తకం చేతిలో ఉండాలనిపించి, ఎవరిని అడగాలో తెలియక ఊరుకొని ఉండవచ్చు. మొదటి ఇరవై మందిని పైరసీ తీసుకుపోయింది. రెండో ఇరవై మందిని లేని ఆ ఒక్క పేజీ తీసుకుపోయింది. పేజీ ఉండి ఉంటే లెక్క సరికి సరి. ఇరవై ప్రతులంటే పెద్ద ప్రచురణ సంస్థకు లెక్కలోకే రాదు. 500 వేసుకున్న మనిషికి అది నాలుగు శాతం.

బయటి అనుభవాలు

ఈ విషయంలో ఎప్పుడూ వినిపించే పేరు బ్రెజిల్ రచయిత పౌలో కొయిలో. తన నవల రష్యన్ అనువాదం దొంగ ప్రతి ఇంటర్నెట్‌లో కనిపిస్తే దాన్ని తీయించకుండా తానే తన సైటులో పెట్టారు. వెయ్యి దగ్గర ఉన్న అమ్మకం 2001లో 10 వేలకు చేరిందని, మరుసటి ఏడాది లక్ష దాటిందని ఆయనే 2008లో ఒక సదస్సులో చెప్పారు. ఆ పెరుగుదలంతా ఆ ఫైలు పుణ్యమేనా అన్నది ఈ అంకెలతో తేలదు. ఒక్కటి మాత్రం గమనించాలి. రష్యాలో ఫైలు చదివినవాళ్లకు అచ్చు పుస్తకం కొనాలనిపిస్తే పక్కనున్న పుస్తకాల షాపులో అది దొరికే పరిస్థితి ఏర్పడింది. దారి ఉంది.

అమెరికన్ రచయిత ఆండీ వియర్ అనుభవం స్వతంత్ర రచయితకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అంగారక గ్రహం మీద ఒంటరిగా చిక్కుకున్న వ్యోమగామి కథను 2009 నుంచి అధ్యాయం తర్వాత అధ్యాయం తన సైటులో ఉచితంగా పెట్టుకుంటూ పోయారు. చదివేవాళ్లే అమెజాన్ వాళ్ల ఈ-బుక్ వేదిక కిండిల్‌లో ఉంటే బాగుండునని అడిగారు. 2011లో అక్కడ పెట్టగలిగిన అతి తక్కువ ధర, 99 సెంట్లకు పెట్టారు. మూడు నెలల్లో 35 వేల ప్రతులు పోయాయి. అదే కథ ఆయన సైటులో ఉచితంగా ఉండగానే డబ్బు పెట్టి కొన్నారు, ఎందుకంటే కొనడం దించుకోవడం కంటే సులువు. ఉచితానికీ కొనుగోలుకూ మధ్య పోటీ వచ్చినప్పుడు ధర ఒక్కటే తీర్పు చెప్పదు. ఏది తక్కువ తిప్పలతో చేతికొస్తుందో అదీ చెబుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే అనుభవం కూడా అమెరికాదే. యువ పాఠకుల కోసం రాసే మ్యాగీ స్టీఫ్‌వేటర్ 2017లో తన సంగతి రాశారు. ఆమె నాలుగు పుస్తకాల వరసలో మూడోదాని ఈ-బుక్ అమ్మకాలు పడిపోయాయి. ఆ అంకెలు చూసి ప్రచురణకర్త నాలుగో పుస్తకం ముద్రణ ప్రతులను సగానికంటే తగ్గించేశాడు. పాఠకులు తగ్గలేదని, పీడీఎఫ్‌ల వైపు పోయారని ఆమె అనుమానం. అందుకని నాలుగో పుస్తకం విడుదల వేళకు సోదరుడి చేత ఒక ఫైలు చేయించారు. అసలు పుస్తకమంత పొడవే ఉంటుంది, కానీ లోపల మొదటి నాలుగు అధ్యాయాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. చివర పైరసీ రచయితను ఎలా దెబ్బ తీస్తుందో చెప్పే నోటు. ఆ ఫైలునే పైరసీ సైట్ల నిండా నింపారు. నిజమైన పీడీఎఫ్ దొరక్క విసిగిపోయి కొనేశామని పాఠకులు రాసుకున్నారు. మొదటి ముద్రణ రెండు రోజుల్లో అయిపోయింది.

ఆమె చెప్పిన దాంట్లో అసలు భయపెట్టే విషయం పోయిన అమ్మకం ఒక్కటే కాదు. ప్రచురణకర్త అమ్మకాల అంకెలు చూసే తర్వాతి పుస్తకం సంగతి నిర్ణయిస్తాడు. వేల మంది చదివినా ఆ చదువు ఎక్కడా లెక్కకు రాకపోతే, ఆ రచయితకు పాఠకులే లేరని ముద్ర పడుతుంది.

ఈ ముగ్గురి అనుభవాలూ నిజమే అయితే మరి పరిశోధనలు ఏమంటున్నాయి? అవి కూడా ఒక్క మాట మీద లేవు, కానీ జాగ్రత్తగా చూస్తే ఒక దారి కనిపిస్తుంది. పోలండ్‌లో వార్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి ప్రచురణకర్తలతో కలిసి ఏడాది పాటు ఒక ప్రయోగం చేశారు. కొన్ని పుస్తకాల దొంగ ప్రతులను వెతికి తీయించారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. రెండు రకాల పుస్తకాల అమ్మకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యూరోపియన్ కమిషన్ చేయించిన అధ్యయనం 2015లో పూర్తయి 2017లో బయటికొచ్చింది. ఆన్‌లైన్ పైరసీ అమ్మకాలను తగ్గిస్తుందనడానికి గట్టి గణాంక ఆధారం దొరకలేదని అందులో ఉంది. కొత్తగా విడుదలైన పెద్ద సినిమాలకు మాత్రం నష్టం స్పష్టంగా కనిపించింది.

ఇమ్కె రైమర్స్ అనే ఆర్థికవేత్త 2016లో ప్రచురించిన పరిశోధన ఇంకాస్త లోతుకు పోయింది. దొంగ ప్రతులను తీయించే సేవ వాడుకున్న పుస్తకాల అమ్మకాలు వారం వారం చూశారు. తీయించాక ఈ-బుక్ అమ్మకం 14 శాతానికి తగ్గకుండా పెరిగింది. అచ్చు పుస్తకం అమ్మకంలో మార్పు లేదు. జపాన్ కామిక్స్ మీద తత్సువో తనాకా చేసిన అధ్యయనంలో ఇంకో కోణం బయటపడింది. ఇంకా కొనసాగుతున్న కథలకు పైరసీ వల్ల అమ్మకం తగ్గింది. పూర్తయిపోయి పాతబడిన కథలకు పైరసీ ప్రచారంలా పనిచేసి అమ్మకం పెరిగింది.

వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఇలా ఉంది. దొంగ ప్రతి అసలు ప్రతికి ఎంత దగ్గరగా ఉంటే అంత నష్టం. ఈ-బుక్కుకు పీడీఎఫ్ అన్నదమ్ముల లాంటిది, అచ్చు పుస్తకానికి దూరపు చుట్టం. రచయిత పేరు జనానికి ముందే తెలిసి, పుస్తకం కోసం ఎదురుచూస్తున్న సమయంలో నష్టం ఎక్కువ. పేరే తెలియనప్పుడు, పుస్తకం మరుగున పడినప్పుడు నష్టం తక్కువ, మేలు జరిగే అవకాశం కూడా ఉంది.

తెలుగులో పరిస్థితి వేరు

బయటి దేశాల పుస్తకాల మీద తేలిన విషయాన్ని తెలుగుకు అలాగే తెచ్చి అతికిస్తే అతకదు. కొనే దారి అన్న మాటే ఇక్కడ కొంచెం కష్టం. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. చెన్నైలో ఉన్న తమిళ రచయిత ఇంట్లో కూర్చుని తన నవలను కిండిల్‌లో పెట్టుకోగలిగాడు. అక్కడికి మూడు గంటల ప్రయాణంలో ఉన్న తిరుపతి తెలుగు రచయితకు ఆ తలుపు తెరుచుకోలేదు. 2010లో వచ్చిన కినిగె లాంటి తెలుగు ప్రయత్నాలు ఆ లోటు కొంత తీర్చాయి. అయినా తెలుగు పాఠకుడికి ఈ-బుక్ కొనుక్కోవడం ఒక అలవాటుగా స్థిరపడలేదు. ఖాళీగా ఉన్న ఆ చోట్లోకే పీడీఎఫ్ వచ్చి కూర్చుంది.

రెండో సంగతి, తెలుగులో చాలా పుస్తకాలకు మొదటి ముద్రణే చివరి ముద్రణ. 500 అయిపోతే మళ్లీ వేయడానికి డబ్బుండదు. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం కావాలంటే రచయిత దగ్గర కూడా ఒకే ఒక్క ప్రతి ఉంటుంది, అది కూడా చెదలు పట్టి. ఇలాంటి పుస్తకం పీడీఎఫ్ తిరిగితే పోయే అమ్మకం ఏముంది? శ్రీకాకుళంలోని కథానిలయం వేల కథలను స్కాన్ చేసి అందుబాటులో ఉంచడం, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ అయిన పాత తెలుగు పుస్తకాలు ఇప్పటికీ ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో దొరకడం, ఇవి లేకపోతే చిత్తూరు జిల్లా పాత కథల మీద పరిశోధన చేసే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం విద్యార్థి ఎన్ని ఊళ్లు తిరగాలో ఊహించుకోవచ్చు.

తిరుపతివాళ్లకు దీని విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశారని చెబుతారు. రాగిరేకుల మీద చెక్కించి గుడిలో సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. అవి శతాబ్దాల పాటు ఆ గదిలోనే ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో వాటిని బయటికి తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు చదివి అచ్చువేయించాకే ఇవాళ ఇంటింటా పాడుకుంటున్నాం. దక్కినవి సగానికంటే తక్కువే. ఒకేచోట భద్రంగా దాచిన ప్రతి కంటే, పది చోట్ల తిరిగే ప్రతికి ఆయుష్షు ఎక్కువ. అచ్చులో లేని పుస్తకాన్ని స్కాన్ చేసి కాపాడేవాళ్లను, నిన్న విడుదలైన పుస్తకాన్ని ఫొటోలు తీసి గ్రూపులో పెట్టేవాళ్లను ఒకే గాటన కట్టకూడదు.

దెబ్బ గట్టిగా తగిలేది

అందరికంటే ఎక్కువగా నష్టపోతున్నవాళ్ల గురించి సాహిత్య సభల్లో ఎవరూ మాట్లాడరు. వాళ్లు పోటీ పరీక్షల పుస్తకాలు రాసేవాళ్లు. తిరుపతిలో కోచింగ్‌కు వచ్చి గదులు అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ పరీక్షకు చదివేవాళ్లు వేలల్లో ఉంటారు. ఒక లెక్చరరు రెండేళ్లు కూర్చుని ఆంధ్రప్రదేశ్ చరిత్ర మీద ప్రశ్నలూ జవాబులతో పుస్తకం తయారుచేసి సొంతంగా వేస్తే, నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే అది టెలిగ్రామ్ చానళ్లలోకి ఎక్కుతుంది. పరీక్ష అయిపోయాక ఆ పుస్తకం ఎవరికీ అక్కర్లేదు. కొత్త సిలబస్ వస్తే అసలే అక్కర్లేదు. అంటే అమ్ముకోవడానికి ఉన్న కాలం ఆరునెలలో, ఏడాదో. ఆ కొద్ది కాలంలో పీడీఎఫ్ తిరిగితే తర్వాత ప్రచారం వల్ల మేలు జరుగుతుందనే మాటకు తావే లేదు. చదివేవాడికి కూడా స్క్రీన్ మీద చదివినా, జిరాక్స్ షాపులో ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేయించుకున్నా పని జరిగిపోతుంది. నకలు అసలుకు ఎంత దగ్గరైతే అంత నష్టం అన్న మాట ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది.

ఇలాంటి ఒక టీచరే కోర్టుకు వెళ్లారు. ఇంగ్లిష్ కోచింగ్ మెటీరియల్ రాసే నీతూ సింగ్ వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2022 ఆగస్టు 30న, ఆమె పుస్తకాలను పంచుతున్న చానళ్లు నడిపేవాళ్ల ఫోన్ నంబర్లు, ఇతర వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను ఆదేశించింది. సర్వర్లు విదేశాల్లో ఉన్నాయన్న వాదన నిలవలేదు.

జిరాక్స్ గురించి మాట్లాడేటప్పుడు ఒక పొరపాటు తరచూ దొర్లుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గర జిరాక్స్ షాపు మీద విదేశీ ప్రచురణకర్తలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు షాపు పక్షాన తీర్పు ఇచ్చింది కాబట్టి ఏ పుస్తకాన్నైనా జిరాక్స్ తీసుకోవచ్చని అనుకుంటారు. కాదు. పాఠం చెప్పడంలో భాగంగా టీచర్లు ఎంపిక చేసిన భాగాలను విద్యార్థుల కోసం నకలు తీయడం గురించి ఆ తీర్పు. స్థానిక రచయిత వేసిన గైడును అట్ట నుంచి అట్ట దాకా నకలు తీసి అమ్ముకోవడానికి అది అనుమతి కాదు.

కథలు రాసేవాళ్లకు ఇప్పుడు పీడీఎఫ్ కంటే పెద్ద సమస్య యూట్యూబ్‌లో ఉంది. ఎవరో ఒకరు కథను మంచి గొంతుతో చదివి, పైన ఒక బొమ్మ పెట్టి, రచయితను అడగకుండా చానల్‌లో పెడతారు. లక్షమంది వింటారు. ఆ చానల్‌కు ప్రకటనల డబ్బు వస్తుంది. రచయిత పేరు ఒక్కోసారి కింద వివరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. పీడీఎఫ్ పంచిన పాఠకుడు దాంతో పైసా సంపాదించలేదు. ఇక్కడ మాత్రం రచన మీద ఇంకొకరు సంపాదిస్తున్నారు. ఈ రెండింటినీ ‘షేరింగ్’ అన్న ఒకే మాటతో పిలవడం సరికాదు. రచన మీద తన పేరు ఉండాలన్నది కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ రచయితకు విడిగా ఇచ్చిన హక్కు. డబ్బు హక్కులు వేరేవాళ్లకు రాసిచ్చేసినా ఈ హక్కు రచయితతోనే ఉంటుంది.

నిర్ణయం ఎవరి చేతిలో

తిరుమలలో దర్శనం చేసుకున్న ప్రతి భక్తుడికీ 2020 జనవరి నుంచి ఒక లడ్డూ ఉచితంగా ఇస్తున్నారు. ఇంకా కావాలంటే 50 రూపాయలకు ఒకటి. ఉచితంగా ఇచ్చారని కౌంటర్ల దగ్గర కొనేవాళ్లు తగ్గిపోలేదు. ఇంట్లోవాళ్లకు, పక్కింటివాళ్లకు, ఆఫీసులో అందరికీ అని సంచులు నింపుకుని దిగుతారు. ఎందుకంటే ఉచితంగా ఇచ్చే చెయ్యీ, అమ్మే చెయ్యీ ఒక్కటే. ఎన్ని ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో ఇచ్చేవాళ్లే నిర్ణయించుకున్నారు.

టీటీడీ తన పుస్తకాలనూ ఇలాగే ఉంచుతుంది. ఎన్నో గ్రంథాలు దాని ఈ-బుక్స్ సైటులో ఉచితం, అచ్చు ప్రతులు తక్కువ ధరకు అమ్మకంలో ఉంటాయి. పారాయణం చేసేవాళ్లు పీడీఎఫ్ ఉన్నా పుస్తకం కొనుక్కుంటారు. అయితే టీటీడీకి పుస్తకం మీద డబ్బు రావాల్సిన అవసరం లేదు. టీచరు ఉద్యోగం జీతంలోంచి అచ్చు ఖర్చు పెట్టిన మనిషిని దాంతో పోల్చకూడదు. ఆ మనిషి కూడా ఉచితంగా ఇవ్వవచ్చు, కానీ ఎప్పుడు ఇవ్వాలో ఆ మనిషే చెప్పాలి. పదిహేను కథల్లో రెండు ఇవ్వాలా, మొదటి ముద్రణ అయిపోయాక మొత్తం ఇవ్వాలా, తన తర్వాతి పుస్తకం వచ్చేటప్పుడు పాతది ఇవ్వాలా అన్నది రచయితకున్న బలమైన ఆయుధం. వేరొకరు పుస్తకం వచ్చిన పదో రోజే మొత్తం పెట్టేస్తే ఆ ఆయుధం చేతిలోంచి పోతుంది. పైరసీ చేసే అసలు నష్టం నా దృష్టిలో ఇదే. పోయిన ఇరవై ప్రతుల డబ్బు ఎప్పటికైనా పూడుతుంది. పోయిన అదను తిరిగి రాదు.

ఈ మధ్య కొంతమంది చిత్తూరు జిల్లా యువ రచయితలు ఇంగ్లిషులో రాసి కిండిల్‌లో పెడుతున్నారు. వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి కేడీపీ సెలెక్ట్ అనే పథకంలో చేరితే 90 రోజుల పాటు ఆ పుస్తకం డిజిటల్ రూపంలో ఇంకెక్కడా ఉండకూడదు. దొంగ ప్రతి వేరే సైటులో కనిపిస్తే, ఒప్పందం తప్పారేమోనని ముందు రచయితనే అడుగుతారు. తప్పు చేసినవాడు ఎక్కడో ఉంటాడు, సంజాయిషీ ఇచ్చుకునే టెన్షన్ రాసినవాళ్లకు.

చట్టం రచయిత పక్కనే ఉంది. రాసిన క్షణం నుంచే కాపీరైట్ వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. 1979లో పోయిన చలం రచనల మీద 2039 చివరి దాకా హక్కు నిలిచి ఉంటుంది. ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల జరిమానా అని 63వ సెక్షన్ చెబుతుంది. కానీ 500 ప్రతుల రచయిత ఒక వాట్సాప్ గ్రూపు మీద కేసు వేస్తారా? ఆ గ్రూపులో ఉన్నవాళ్లే రేపటి కొనుగోలుదారులు, సభకు వచ్చేవాళ్లు. పనికొచ్చే దారి వేరే ఉంది. లింకు పెట్టిన వెబ్‌సైటుకో, వేదికకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో దాన్ని తొలగించాలని 2013 నాటి కాపీరైట్ నియమాలు చెబుతున్నాయి. కోర్టు ఆర్డర్ తీసుకురాకపోతే 21 రోజుల తర్వాత తిరిగి పెట్టుకోవచ్చు. అమ్మకాల అదనులో ఆ 21 రోజులే ఎంతో మేలు. డబ్బు కోసం నడిచే చానళ్ల మీద ఈ దారి వాడాలి. గ్రూపులో పెట్టిన పాఠకుడికి మాత్రం ఒక ఫోన్ కాల్ చాలు. రచయితే మర్యాదగా అడిగితే “అయ్యో సార్, మాకు తెలీదు” అని తీసేసేవాళ్లే ఎక్కువ. కొందరు ఆ మాటల్లోనే రెండు ప్రతులు కావాలంటారు.

పుస్తకం పంపడం కూడా మునుపటికంటే కాస్త తేలికైంది. తపాలా శాఖ 2024 చివర్లో రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆపేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు చాలా ఇబ్బంది పడ్డారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల లోపు పుస్తకానికి 20 రూపాయలు, పన్ను అదనం. 160 పేజీల డెమ్మీ పుస్తకం ఆ బరువులో సులువుగా ఇమిడిపోతుంది. పీడీఎఫ్ చదివి నచ్చిన మదనపల్లె పాఠకుడి నుంచి తిరుపతి రచయితకు 170, 180 రూపాయలు వచ్చి, పుస్తకం అటు వెళ్లడానికి ఇప్పుడున్న అడ్డు ఒక్కటే. ఎవరికి ఫోన్ చేయాలో ఆ పాఠకుడికి తెలియకపోవడం.

దానికి మందు అచ్చు పనిలోనే ఉంది. డీటీపీ చేసేటప్పుడే ‘ప్రతులకు’ వివరాలను రెండో పేజీలో ఒక్కచోటే పెట్టి వదిలేయకుండా, ప్రతి కథ ముగిసిన చోట, చివరి వాక్యం కింద ఒక లైనులో పుస్తకం పేరు, వెల, ఫోన్ నంబరు వేయించాలి. చివరి పేజీలో క్యూఆర్ కోడ్ కూడా పెట్టవచ్చు. ఫొటోలు తీసేవాళ్లు ముందు పేజీలు వదిలేసినా, కథ ముగిసే పేజీని మాత్రం వదలరు.